చిగురుకని తీసుకున్న దోటి

మా చెల్లెలి కూతురు కాన్పుకని కుప్పంలో ఒక నర్సింగ్‌హోంలో చేరితే, మదనపల్లె నుంచి ఫ్లాస్కూ దుప్పటీ పట్టుకుని నేనూ వెళ్ళాను. లేబర్ రూము బయట ఇనుప కుర్చీలో కూలబడి తలెత్తితే, ఎదురుగోడ మీద నేను తీసిన ఫొటో ఉంది. ఎప్పటిదో క్యాలెండర్ బొమ్మ. తారీఖుల కాగితాలు చించేసి, పైబొమ్మకు ఫ్రేము కట్టించి తగిలించారు. రంగు వెలిసి తెల్లకొంగ కాస్తా పసుపుపచ్చగా తిరిగింది. తల వెనక రెండు పొడవాటి ఈకలు, జతకట్టే రోజుల్లో మాత్రమే వచ్చి, వీపు మీంచి దారపు పోగుల్లా వేలాడే పెళ్ళి ఈకలు, సగం విప్పిన రెక్కలు, ఆ రెక్కల కింద నోళ్ళు తెరుచుకుని మూడు పిల్లలు. అడుగున ఎర్రటి అక్షరాల్లో ‘తల్లిప్రేమ’ అని అచ్చు. పక్కన కూర్చున్న మా చెల్లెలి వియ్యపురాలు నా మోచెయ్యి తట్టి, “సూడొదినా, నోరులేని పిట్ట. బిడ్డలకు రెక్క అడ్డం పెట్టి ఎట్ల నిలబడుండాదో” అంది. మా చెల్లెలు ఊరుకోకుండా, అది మా అక్క తీసిందేనని చెప్పేసింది. వియ్యపురాలు నా రెండు చేతులూ పట్టుకుని, “నీ చెయ్యి సల్లగుండ. ఈ గోడ కింద కూర్చోని ఎంతమంది తల్లులు దాన్ని సూసుకుంటారో” అంది. నేను మంచినీళ్ళ వంకతో లేచి బయటికొచ్చేశాను. ఆ మూడు పిల్లలూ నేను బొమ్మ తీసిన రెండోనాటికి చచ్చిపోయాయి. చంపింది నేను. నింద పడింది ఇంకొక ఆడదాని మీద.

పుంగనూరులో మా ఇల్లూ స్టూడియో ఒకటే. వీధి వైపు గది స్టూడియో, నడవ దాటితే వంటిల్లు, ఆ రెంటి మధ్య కిటికీకి నల్లగుడ్డ కొట్టిన చీకటిగది. ఫొటోలు కడిగే హైపో వాసనా, తిరగమోత వాసనా కలిసి మా ఇంటికి ఒక ప్రత్యేకమైన వాసన ఉండేది. బళ్ళో నా పక్కన కూర్చునే పిల్లలు నన్ను మందువాసన పాప అనేవాళ్ళు. కడిగిన నెగటివులను నాన్న వంటింటి దండెం మీద బట్టల క్లిప్పులు పెట్టి వేలాడదీసేవాడు. వాటి కింద పొయ్యి దగ్గర కూర్చుని అమ్మ, “తాగేదానికి నీళ్ళు లేకపోయినా ఈయప్పకు బొమ్మలు కడిగేదానికి ఉండాల” అని గొణుక్కునేది. సంగటి ముద్ద తట్టలో పడేదాకా నాన్న చీకటిగదిలోంచి వచ్చేవాడు కాదు. వచ్చాక మూడుసార్లు చేతులు కడుక్కున్నా అమ్మ నమ్మదు. వాసన చూసిగానీ పులుసు వడ్డించదు. ఇంట్లో మగపిల్లలు లేరు, మేమిద్దరం ఆడపిల్లలమే. పెళ్ళికూతుళ్ళను లోపలి గదుల్లో తీయడానికి ఆడమనిషి ఉంటే మేలని నాన్నే నాకు కెమెరా నేర్పాడు. ఇంటరు అయ్యేసరికి చుట్టుపక్కల ఊళ్ళలో పెళ్ళికూతుళ్ళు నన్నే రమ్మని అడిగేవాళ్ళు. దానితో నాకు కొంచెం కొమ్ములు కూడా వచ్చాయి.

నాన్న నేర్పిన పాఠాల్లో మొదటిది నీడ గురించి. పెళ్ళికూతురి ముఖం మీద నీడ పడకూడదు. “ఆ పాప బతికినన్నాళ్ళూ సూసుకునే బొమ్మ ఇది. సగం ముఖం నల్లగా వస్తే, సూసినప్పుడంతా మనల్ని తిట్టుకుంటాది” అనేవాడు. అందుకని పెళ్ళింట్లో అడుగుపెట్టగానే మేం చూసేది పందిరిని. ఏ కొబ్బరిమట్ట నీడ పీటల మీద పడుతోందో, ఏ తోరణం వెలుతురుకు అడ్డంగా ఉందో చూసి, ఇంటివాళ్ళను అడగకుండానే నాన్న స్టూలెక్కి తెంపేసేవాడు. సదుంలో ఒక పెళ్ళిలో పాతిన అరటిచెట్టునే పెకలించి పక్కకు పెట్టించాడు. అయ్యవారు ఎంత అరిచినా వినలేదు. బొమ్మలొచ్చాక అందరూ మెచ్చుకున్నవాళ్ళే. వెలుతురుకు అడ్డమైనదాన్ని తీసేయడం మాకు అంట్లు తోముకున్నంత మామూలు పని. అది తప్పయ్యే చోటు ఒకటి ఉంటుందని నాకెవరూ చెప్పలేదు. చెప్పలేదనడం సాకేనని నాకు తెలుసు.

కొంగల పిచ్చి నాకు పింఛన్ల వల్ల పట్టింది. వితంతు పింఛనుకు అర్జీ పెట్టుకునే ముసలమ్మలకు ఫొటో కావాలి, వాళ్ళేమో పుంగనూరు దాకా రాలేరు. కెమెరా సంచీ, వెనక కట్టడానికి తెల్ల దుప్పటీ పట్టుకుని నాన్నా నేనూ ఊళ్ళమ్మట తిరిగేవాళ్ళం. బైరెడ్డిపల్లె దాటాక చెరువు కింద ఒక చిన్న ఊరు ఉంది. అక్కడ చెంగమ్మవ్వ ఇంటి ముందర చింతచెట్టుకు దుప్పటి కట్టి, అవ్వను స్టూలు మీద కూర్చోబెట్టి, నాన్న “కదలద్దు” అన్నాడో లేదో, పైనుంచి రెట్ట పడి దుప్పటంతా సున్నం చిమ్మినట్టయింది. దుప్పటి తిప్పి కడితే మళ్ళీ పడింది. అవ్వ నవ్వలేదు, విసుక్కోలేదు. “కాన్పుకొచ్చిన కూతుళ్ళప్పా. వాళ్ళను లెమ్మనేదానికి లేదు. నువ్వే యాడన్నా జరుపుకో” అంది. అప్పుడు తలెత్తి చూశాను. చెరువు అంచున మట్టిరంగులో నక్కి ఉండి, మనిషి మీదికొచ్చేదాకా కదలదని మనం గుడ్డికొంగ అని పిలిచే పక్షి, ఆ కొమ్మ మీద నేరేడుపండు రంగు పట్టుచీర కప్పుకుని కూర్చుంది. కాళ్ళు పారాణి పెట్టినట్టు ఎర్రగా ఉన్నాయి. దాని పైకొమ్మల్లో చిన్న తెల్లకొంగలు, ఒక్కోదానికి వీపు మీద పోగులు పోగులుగా విరబోసిన ఈకలు. కంటికీ ముక్కుకూ మధ్య చర్మం గులాబిరంగు తిరిగింది. ఆ గులాబి నాలుగైదు రోజులే ఉంటుందని, జత కుదిరాక వెలిసిపోతుందని తర్వాత తర్వాత నాకు తెలిసింది. అంత సింగారం పిట్టలకు ఉంటుందని అప్పటివరకు నేను ఎరగను.

పెళ్ళిళ్ళకు వాడే ఫిల్ము రోలు చివర నాలుగైదు బొమ్మలు మిగులుతాయి. మా ఇంట్లో వాటిని తోక అనేవాళ్ళం. గోడనో కుక్కనో తీసి నాన్న ఆ తోకను ముగించేవాడు. ఆ ఏడాది నుంచి తోకలన్నీ నేను అడిగి తీసుకున్నాను. పెళ్ళి అయిన మర్నాడు పొద్దున్నే బస్సెక్కి, పలమనేరులో మారి, అవ్వ ఊరు చేరేదాన్ని. ఆ ఇల్లు మట్టిమిద్దె. నిచ్చెన వేసుకుని మిద్దె ఎక్కితే చెట్టు నడికొమ్మలు కంటికి ఎదురుగా ఉంటాయి. అక్కడ మోకాళ్ళ మీద కూర్చుని, బెంగళూరులో పాతసామానులో కొన్న పొడుగు లెన్సు పెట్టుకుని, ఎండ నడినెత్తికొచ్చేదాకా చూస్తూ ఉండేదాన్ని. రంగు రోళ్ళను బెంగళూరు బస్సు డ్రైవరు చేతికిచ్చి పంపితే వారానికి బొమ్మలొచ్చేవి. ముప్ఫై బొమ్మల దాకా తాళీ, తలంబ్రాలు, అప్పగింతలు. చివరి నాలుగింట్లో కొంగలు. లాబువాడు మమ్మల్ని గురించి ఏమనుకున్నాడో ఏమో. నాకు మాత్రం ముందు ముప్ఫై కంటే వెనక నాలుగే ముఖ్యమయ్యాయి.

చెంగమ్మవ్వ కళ్ళకు పువ్వులు వేసి చూపు మసకగా ఉండేది. అయినా మృగశిర కార్తె వచ్చిందంటే ఏ పొద్దు ఎన్ని పిట్టలు దిగాయో రెక్కల చప్పుడును బట్టి చెప్పేది. మొదటి కొంగ దిగిన రోజు చెట్టు మొదలుకు పసుపు రాసి, ముగ్గు వేసి, బెల్లం ముక్క పెట్టేది. పిల్లలు పుట్టి నీలంగా ఉండే గుడ్డుపెంకులు కింద రాలడం మొదలైతే ఆ ఇంటికి పదకొండు రోజులు పురుడు. చెట్టు మొదలుకు వేపరెమ్మ కట్టేది. ఆ పదకొండు రోజులూ చెట్టు కిందికి పరాయివాళ్ళు రాకూడదు, రోట్లో పోటు వేయకూడదు, ఇంట్లో తిరగమోత ఉండకూడదు. మిరపకాయల ఘాటు పసిబిడ్డలకు తగులుతుందని అవ్వ చప్పటి పప్పుతో సంగటి తినేది, కొడుకూ కోడలూ అదే తినేవాళ్ళు. ఫొటోల విషయంలో నాకు ఒక హద్దు పెట్టింది. “పెండ్లికూతుళ్ళను తీసుకోమ్మా, ఎన్నన్నా తీసుకో. పురిటిబిడ్డలను మాత్రం వద్దు. బొమ్మ తీస్తే ఆయుసు తగ్గుతాది” అంది. నేను తలూపి, లోపల నవ్వుకున్నాను. చదువుకున్నదాన్ని కదా.

అవ్వ కోడలు సుగుణ. నాకంటే రెండేళ్ళు చిన్నది, నన్ను అక్కా అనేది. పెళ్ళయి మూడేళ్ళయింది. పెళ్ళిలో ఫొటోలు తీయించే స్తోమత వాళ్ళ నాన్నకు లేకపోయింది. ఒకసారి రోలు తోకలో ఒక బొమ్మ సుగుణకిచ్చాను. చెట్టు కింద నిలబెట్టి, తల్లో కనకాంబరాలు సర్ది తీశాను. ఆ ఫొటో ట్రంకుపెట్టెలో అడుగున పెట్టుకుని, ఎవరూ లేనప్పుడు తీసి చూసుకునేది. నేను మిద్దె మీద ఉంటే నిచ్చెన సగం ఎక్కి మజ్జిగ చెంబు అందించి, ఆ మెట్టు మీదే నిలబడి కబుర్లు చెప్పేది. ఆ ఎండాకాలం సుగుణకు నెల తప్పి, మూడో నెలలో కడుపు పోయింది. అవ్వ ఒక్క మాట అనలేదు. వేడినీళ్ళు కాచి పోసింది. ఆ సంగతి సుగుణే నాకు చెప్పి, “మా అత్త మంచిదక్కా” అని కళ్ళు తుడుచుకుంది.

అదే ఏడాది బెంగళూరులో ఏదో ఫొటోల పోటీ ఉందని నాన్న పేపరు చింపి తెచ్చాడు. పెళ్ళి ఈకల్లో ఉన్న కొంగలు నా దగ్గర పెట్టెడున్నాయి. కానీ ఈకలూ పిల్లలూ ఒకే బొమ్మలో ఉన్నది ఒక్కటీ లేదు. అది దొరకడం కష్టం కూడా. పిల్లలు పుట్టేనాటికి ఆ ఈకలు సగం రాలి, మిగిలినవి రెట్టలో తడిసి చింపిరిగా అయిపోతాయి. ఆ ఏడాది మిద్దె పక్క కొమ్మలో ఒక తెల్లకొంగ ఆలస్యంగా గూడు కట్టింది. మిగతావాటి పిల్లలు కొమ్మలమ్మట నడుస్తుంటే దానికి అప్పుడే మూడు పిల్లలు పుట్టాయి, ఈకలింకా చెక్కుచెదరలేదు. ఆ గూటి పెంకులు రాలాక అవ్వ మళ్ళీ పట్టిన పురుటికి ఆరో రోజు. అవ్వ పలమనేరు సంతకు పోయిన రోజు చూసుకుని నేను వెళ్ళాను. మిద్దె ఎక్కి లెన్సులో చూస్తే గూటికి పైన గుబురుగా ఒక కొమ్మ ఉంది. దాని నీడ కొంగ ముఖం మీదా పిల్లల మీదా పడుతోంది. సగం ముఖం నలుపు. నేను ఇంకేమీ ఆలోచించలేదు. దిగి సుగుణను దోటి అడిగాను. చివర కొడవలి కట్టిన పొడుగాటి వెదురు, మేకలకు రొట్ట కోసేది. చింతచిగురు కోసుకుంటానని చెప్పాను.

“పురుట్లో చెట్టు తాకితే అత్త ఒప్పదక్కా” అని సుగుణ కాసేపు తటపటాయించింది. తర్వాత లోపలికి పోయి దోటి తెచ్చి నా చేతికిచ్చింది. “పడమటి దిక్కు కోసుకో. పిట్టలుండే పక్కకు పోవద్దు” అని చెప్పి బర్రెకు నీళ్ళు పెట్టడానికి పెరట్లోకి పోయింది. నేను నిచ్చెన ఎక్కాను. రెండు లాగుళ్ళకు కొమ్మ తెగి కింద పడింది. చెట్టు మీద పిట్టలన్నీ ఒక్కసారిగా లేచి గోల చేశాయి. ఆ తెల్లకొంగ మాత్రం లేచినట్టే లేచి మళ్ళీ గూట్లో దిగింది. వెలుతురు పడింది. వానలు మొదట నాలుగు చినుకులు పడి మూడు వారాలుగా మొహం చాటేశాయి, ఆకాశంలో మబ్బు తునక లేదు. ఆ ఎండలో కొంగ నిలబడి రెక్కలు సగం విప్పింది. వీపు ఈకల్లోంచి వెలుతురు జల్లెడ పట్టినట్టు దిగుతోంది. నేను తీస్తూ పోయాను. నాలుగో బొమ్మకో అయిదో బొమ్మకో నాకు అర్థమైంది. అది నాకు భయపడి రెక్కలు విప్పలేదు. ఎండ తగలకుండా పిల్లలకు రెక్కలతో నీడ ఇస్తోంది. ఎండ జరిగినకొద్దీ అదీ పాదాలు మార్చుకుంటూ జరుగుతోంది. నోరు తెరిచి, గొంతు కొట్టుకుంటూ రొప్పుతోంది. అర్థమయ్యాక కూడా నేను రోలు అయిపోయేదాకా ఆపలేదు.

ఈ చోట నేను చాలాసార్లు ఆగిపోయాను. తీసి దిగిపోయే ముందు నా ఓణీ విప్పి పైకొమ్మకు అడ్డంగా కట్టి ఉంటే ఆ పిల్లలు బతికేవేమో. ఆ ఆలోచన రాలేదని చెప్పను, వచ్చింది. కడితే సాయంత్రానికి అవ్వకు తెలిసిపోతుంది. ఇక ఆ మిద్దె ఎక్కనివ్వదు. ఆ లెక్క వేసుకుని కొమ్మను ఈడ్చుకుపోయి మేకల దొడ్లో పడేశాను. దోటిని గోడకు ఆనించి, పెరట్లో ఉన్న సుగుణకు వెళ్ళొస్తానని కేకేసి, ఒక్క చిగురాకైనా లేకుండా బస్సెక్కాను.

మూడో రోజు ఉండబట్టలేక మళ్ళీ వెళ్ళాను. అవ్వ చెట్టు కింద చతికిలబడి ఉంది. ముందర మోదుగాకు మీద మూడు పిల్లలు, మెడలు వాలిపోయి. చుట్టూ నలుగురైదుగురు ఆడవాళ్ళు. “నా చేతిలో ముప్పై ఏండ్లుగా ఇట్ల కాలేదే. ఎవురి కన్ను పడింది తల్లీ నీ బిడ్డల మీద” అని అవ్వ గొంతు దించి ఏడుస్తోంది. ఊళ్ళో పెద్దరికం చేసే రెడ్డెమ్మ, “ఎవురి కన్నో యాల వెతుక్కోవాల చెంగమ్మా? కడుపు నిలవనిది ఇంట్లోనే ఉండాది. పురుటి చెట్టు కింద పొద్దస్తమానం తిరగతానే ఉండాది” అంది. అవ్వ తల తిప్పి గడప వైపు చూసింది. అక్కడ సుగుణ నిలబడి ఉంది. ఆ మసక కళ్ళకు కోడలి ముఖం కనిపించి ఉండదు, అయినా అవ్వ చూపు మారడం నేను చూశాను. అప్పటివరకు వేరువేరుగా ఉన్న రెండు చావులు ఆ ఒక్క మాటతో ఒక ముడి పడ్డాయి. సుగుణ నా వైపు చూసింది. దొంగకు తేలు కుట్టినట్టు నేను నోరు మెదపలేదు. నాకంటే పిట్టలే నయం, ఆ చెట్టు మీద అవి ఇంకా అరుస్తూనే ఉన్నాయి.

ఆ ఫొటోకు పోటీలో బహుమతి వచ్చింది. తర్వాత ఒక నూనెమిల్లు వాళ్ళు దాన్ని క్యాలెండర్ వేశారు. మదనపల్లె నుంచి కుప్పం దాకా కిరాణాకొట్లలో, బళ్ళలో, పాలకేంద్రాల్లో అదే వేలాడింది. స్టూడియోకు గిరాకీ పెరిగింది. నాన్న సంతోషం పట్టలేక, ఆ పిట్టలను పెంచిన తల్లికి ఒకటివ్వాలని ఫ్రేము కట్టించి, నన్ను వెంటబెట్టుకుని అవ్వ ఇంటికి బయల్దేరాడు. నాన్నకేమీ తెలియదు. అవ్వ ఫ్రేమును ఒళ్ళో పెట్టుకుని అద్దం మీద వేళ్ళతో తడిమింది. “బిడ్డలు కూడా ఉండారంటనే ఇందులో” అంది. నాన్న నోరు తెరిచేలోగా నేను, “అది ఈ చెట్టు కాదవ్వా, మదనపల్లె దగ్గర వేరే చెట్టు” అనేశాను. నాన్న ఒకసారి నా ముఖంలోకి చూసి ఊరుకున్నాడు. “ఆ తల్లి బిడ్డలన్నా సల్లగా ఉండారు, అంతే సాలు” అని అవ్వ దాన్ని కళ్ళకద్దుకుని, సుగుణను పిలిచి, దేవుడి పటాల పక్కన తగిలించమంది. సుగుణ స్టూలు మీద నిలబడి మేకు కొట్టింది. ఆ చెట్టు కొమ్మల్ని రోజూ చూసే మనిషి. ఆ కొమ్మ ఏదో తనకు తెలియకుండా ఉండదు. దిగి వెనక్కి తిరక్కుండా లోపలికి వెళ్ళిపోయింది. తిరుగు బస్సులో నాన్న, “ఏ చెట్టమ్మా అది” అని ఒక్కసారి అడిగాడు. నేను నిద్రపోతున్నట్టు కళ్ళు మూసుకున్నాను.

ఆ తర్వాత నేను ఆ ఊరికి పోలేదు. ఒక్కసారి మాత్రం ఆ ఊరి పిల్ల పెళ్ళికి పలమనేరు సత్రంలో బొమ్మలు తీస్తూ, సుగుణ రాలేదేమని అడిగాను. గాజులు సర్దుకుంటూ పెళ్ళికూతురు, “ఆయమ్మను శుభకార్యాలకు పిలవరక్కా. సీమంతాలకు, తొట్లెలో ఏసేదానికి ఆయమ్మ కన్ను మంచిది కాదంట” అంది. నేను ఆ పిల్ల గడ్డం పట్టి వెలుతురు వైపు తిప్పాను. ముఖం మీద నీడ లేకుండా బొమ్మ తీశాను. ఆ తర్వాత నాకు మదనపల్లెలో పెళ్ళయింది. నాన్న పోయాడు. రోళ్ళు పోయాయి, చీకటిగదిని మా చెల్లెలు సామాన్ల గది చేసింది. ఇన్నేళ్ళలో నిద్రలో నాకు వచ్చే కల ఒకటే. ఎండలో ఒక కొంగ రొప్పుతూ పాదాలు మార్చుకుంటూ ఉంటుంది. నేను ఓణీ విప్పబోతాను, ముడి రాదు.

కుప్పంలో మనవడు పుట్టాడు. నర్సు తువ్వాలులో చుట్టి బయటికి తేగానే ఆరు ఫోన్లు లేచాయి. పురిటిబిడ్డకు ఫొటో ఏమిటని అనే ముసలివాళ్ళు అక్కడెవరూ లేరు. ఉంటే గింటే నేనే. మర్నాడు మదనపల్లె బస్సెక్కినదాన్ని బైరెడ్డిపల్లెలో దిగేశాను. ఆటోలో పోతుంటే చెరువు ఉండాల్సిన చోట కంపచెట్లు, ఆయకట్టంతా ప్లాస్టిక్ కాగితం పరిచిన టమోటా మళ్ళు. కొంగలు ఆ ఊరికి రావడం మానేసి చాలా ఏళ్ళయిందని, ఇప్పుడు పలమనేరులో రోడ్డు పక్క చెట్ల మీద గూళ్ళు పెడుతున్నాయని, కింద బస్సు కోసం నిలబడేవాళ్ళు తిట్టుకుంటూ గొడుగులు పట్టుకుంటారని ఆటో అబ్బి చెప్పాడు. అవ్వ ఇంటి ముందర చింతచెట్టు మాత్రం ఉంది. రెట్ట బాధ లేదు కనుక ముందెన్నడూ లేనంతగా చిగురించి ఉంది.

“వస్తివా అక్కా” అంది సుగుణ, నిన్న పోయి ఇవాళ వచ్చినట్టు. తల నెరిసింది. అవ్వ పోయి పన్నెండేళ్ళయిందట, భర్త పాలకేంద్రానికి పోయాడట. గోడ మీద ఆ ఫొటో అలాగే ఉంది. దాని కింద కూర్చుని, నీళ్ళు కూడా తాగకుండా చెప్పేశాను. “సుగుణా, ఆ పొద్దు కొమ్మ కోసింది నేను.”

“నాకు తెల్సు” అంది. “దోటి కొసకు అంటుకున్న పసరు కడిగింది నేనే గదా. మేకల దొడ్లో కొమ్మను పొయ్యిలో పెట్టిందీ నేనే.”

“మరి అప్పుడు చెప్పలేదే.”

“సెప్తే, పురుట్లో దోటి ఇచ్చినదానివి నువ్వే గదా అంటారు. యాడ తిప్పినా నా మీదికే వస్తాది. ఒగ మాట సెప్తా అక్కా, నువ్వు సెప్తావని సూసినాను. శానా దినాలు సూసినాను. ఈ బొమ్మ తెచ్చినావు సూడు, ఆ పొద్దు సెప్తావనుకుంటి. వేరే చెట్టంటివి.” ఆమె గొంతులో కోపం లేదు. కోపం ఉంటే నాకు తేలికగా ఉండేది. నేను ఏడిస్తే ఓదార్చను కూడా లేదు. “నాకు తెలిసింది నాకే సెప్పి ఏం లాభం? ఆడ సావిట్లో కూర్చోనుండారు, వాళ్ళకు సెప్పు” అని లేచి నడిచింది.

ఎదురింటి సావిట్లో ముగ్గురు ఆడవాళ్ళు వేరుశనక్కాయలు ఒలుస్తున్నారు. నడుమ కూర్చున్నది రెడ్డెమ్మ, పళ్ళు లేవు గానీ పెద్దరికం అలాగే ఉంది. నేను నిలబడే మొత్తం చెప్పాను. దోటి అబద్ధం చెప్పి తీసుకున్నానన్నాను. కొమ్మ నేనే కోశానన్నాను. ఎండకు పిల్లలు చచ్చాయి, సుగుణ కన్ను కాదన్నాను. వాళ్ళు చేతులాపి విన్నారు. రెడ్డెమ్మ నన్ను చూసి, “పోనీలేమ్మా” అంది. “దాన్ని సూసి నీ కడుపు తరుక్కుపోయింది. అందుకని ఆ పాపం నీ నెత్తిన ఏసుకుంటాండావు. మంచి మనసు నీది.” కాదని, గోడ మీద బొమ్మే సాక్ష్యమని, అది ఈ చెట్టేనని గట్టిగా చెప్పాను. “ఆ బొమ్మలో చెట్టు మదనపల్లె కాడిదని చెంగమ్మ ఉన్నన్నాళ్ళూ సెప్తానే ఉండె. నువ్వే సెప్పినావంట గదా” అని రెడ్డెమ్మ మళ్ళీ కాయలందుకుంది. పక్కనామె నాకు గుప్పెడు విత్తనాలు పెట్టి తినమంది.

వెనక్కి వస్తూ సుగుణ నాకంటే ముందు నడిచింది. వాకిట్లోకి వచ్చాక ఇంటి సూరులోంచి దోటి లాగింది. వెదురు కొత్తది, కొడవలి పాతదే. “చిగురుకని తీసుకుంటివి. ఒగ ఆకు కోసుకోలేదు. ఇప్పుడు కోయి” అంది. నేను కోశాను. ఆమె కింద చెరగు పట్టి నిలబడి, రాలిన చిగురంతా పట్టుకుంది. ఆ పైన, మిద్దెకు ఎదురుగా, నేనప్పుడు కోసిన చోట మోడు చుట్టూ కొత్త కొమ్మలు గుబురుగా వచ్చాయి. వాటి నీడ ఖాళీ కొమ్మ మీద పడుతోంది.

బస్సుకు టైమవుతోందన్నా వినకుండా, తిని పొమ్మంది. పప్పు ఉడికించి, చిగురు వేసి, బాణలి పెట్టి గుప్పెడు ఎండుమిరపకాయలు నూనెలో వేసింది. పొగ లేచి ఇల్లంతా ఘాటెక్కింది, అది వాకిలి దాటి చెట్టు కిందికి పోతోంది. దగ్గు ఆపుకోలేక, పసిబిడ్డలకు ఘాటు తగులుతుందన్న ముప్ఫై ఏళ్ళ కిందటి భయం చెయ్యి పట్టి లేపినట్టు, తలుపు వేయడానికి లేచాను.

“తెరిసే ఉండనీ అక్కా” అంది సుగుణ, గరిటె తిప్పుతూనే. “ఈడ పురుడు ఎవురికి ఉండాది.”